రాయి ఎక్కిన రైలు, మనిషి ఎక్కని ఊరు

దగ్గరికి జరగండర్రా, నెగడుకి ఆ చివర కూచుంటే నా గొంతు మీకు వినపడదు. పొద్దున్నుంచీ మన చిన్నోడిది ఒకటే గోల. "తాతయ్యా, ధవళేశ్వరం అంటే దేశమంతా తెలుసు కదా, ఇంత పెద్ద బ్యారేజీ ఉంది కదా, మరి రైల్వేస్టేషన్ ఎందుకు లేదు?" అని. రాజమండ్రిలో దిగి, ఆటోవాడితో బేరమాడి, రెండు సంచులూ మోసుకుని ఇల్లు చేరేసరికి వాడి ఓపిక అయిపోయినట్టుంది.

చెబుతాను. కానీ ముందు నువ్వు ఒక మాట దిద్దుకోవాలి. స్టేషన్ లేని ఊరను, ఒప్పుకుంటాను. రైలు ఎరగని ఊరు మాత్రం అనకు. ఈ దేశంలో మనుషులు ఎక్కే రైలు పుట్టకముందే మన ఊళ్ళో పట్టాలు పడ్డాయి.

బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. ఇది మీ పుస్తకాల్లోనూ ఉంటుంది. మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు రైలు కదిలింది 1856 జులైలో. మన ధవళేశ్వరం పట్టాల సంగతి 1845 నాటిది. బొంబాయి వాళ్ళకంటే ఎనిమిదేళ్ళు ముందు! అయితే అది మనుషులు ఎక్కే రైలు కాదు, రాయి ఎక్కే రైలు. కాటన్ దొర గోదారి మీద ఆనకట్ట కట్టడానికి రాయి మోయించిన రైలు. ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. మరి పట్టాలు రెండేళ్ళు ముందెందుకు అంటావా? గోడ కట్టేవాడు ముందు రాయి తెచ్చుకోవాలి కదురా.

ఎంత రాయో ఊహించు. అఖండ గోదారి మన దగ్గరకొచ్చి చీలుతుంది. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో లంకలు. అందుకే ఆనకట్ట ఒక్క గోడ కాదు, నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఇసుక మీద నిలబడాల్సిన కట్టడం. వేసిన రాయి కొంత ఇసుకలోకి దిగిపోతూ ఉంటుంది, దాని మీద మళ్ళీ రాయి వెయ్యాలి. ఎడ్లబండ్లతో అయ్యే పని కాదు. కాటన్‌కి పట్టాల మీద రాయి మోయించడం కొత్త కూడా కాదు. 1837 ప్రాంతంలో మద్రాసు దగ్గర ఎర్రకొండల నుంచి రోడ్లకి కావలసిన రాయి తరలించడానికి పట్టాలు వేయించాడు. ఆ అనుభవంతోనే ఇక్కడా వేయించాడు. వేలమంది కూలీల్ని కూడగట్టి, వాళ్ళ బాగోగులు చూసి పని నడిపించిన మనిషి మన వీణెం వీరన్న గారు. ఆయన పేరు చెప్పకుండా కాటన్ పేరు ఒక్కటే చెప్పడం నాకెప్పుడూ నచ్చదు. చేతులెత్తి మొక్కితే ఇద్దరికీ మొక్కాలి.

ఇక్కడే ఉంది అసలు తమాషా. మన ఊళ్ళో పట్టాలు వేయించిన ఆ కాటనే తర్వాత ఇంగ్లండు వెళ్ళి రైళ్ళ మీద పోట్లాట పెట్టుకున్నాడు. "రైళ్ళకి పోసే డబ్బు కాలవలకి పొయ్యండి. పంటకి నీళ్ళొస్తాయి, సరుక్కి దారీ అవుతుంది, పడవ కిరాయి పేదవాడికి అందుతుంది" అని ఆయన వాదన. 1878లో పార్లమెంటు కమిటీ ముందుకెళ్ళి కూడా అదే చెప్పాడు. ఎవరూ పెద్దగా వినలేదనుకో. రైలు కంపెనీల వాళ్ళకి లండన్‌లో ఉన్న పలుకుబడి మన కాలవ గట్ల మీద పడవవాళ్ళకి ఎక్కడిది?

నన్నడిగితే ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. మా నాయనమ్మ పెళ్ళి పడవలోనే జరిగిందనేవారు. జరగడమంటే, పెళ్ళివారు పడవలో తరలివెళ్ళారన్నమాట. మన లాకుల దగ్గర ఎక్కి, కాలవ మీద కాకినాడ వైపు. పడవలోనే వంట, పడవలోనే పడక. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగుతూ నడిచేవారు. లాకు దగ్గరకొచ్చేసరికి ఆగాలి. వెనక తలుపులు మూసి నీళ్ళు వదిలితే పడవ మెల్లిగా కిందకి దిగేది, నీళ్ళు సమానమయ్యాక ముందు తలుపులు తెరిచేవారు. ఆ ఆగిన కాసేపట్లో లాకు గట్టు మీద బెల్లం, జామకాయలు, మరచెంబుల్లో పాలు అమ్ముకునేవారు. వియ్యపురాళ్ళు దెబ్బలాడుకోవడానికి కూడా బోలెడంత టైము ఉండేదిట. పడవకి స్టేషన్ అక్కర్లేదు చూడు. గట్టు మీద నించుని చెయ్యెత్తితే చాలు, ఏ ఊరైనా ఆగుతుంది. రైలు అలా కాదు. రైలు ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పలేవు, మద్రాసులో కూచున్నవాడు చెప్పాలి.

ఆ మద్రాసువాడు చెప్పిందేమిటంటే, ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని ఒకటి పెట్టి బెజవాడ నుంచి కటకం దాకా లైను వేశారు. 1893 నుంచి 1896 లోపల ముక్కలు ముక్కలుగా తెరిచారు. ఇటు రాజమండ్రి దాకా వచ్చింది, అటు కొవ్వూరు దాకా వచ్చింది. మధ్యలో గోదారి! రైలు దిగి, సామాన్లు దింపుకుని, రేవు దాటి అవతల మళ్ళీ రైలెక్కాలి. వరద రోజుల్లో ఆ అవస్థ చెప్పనలవి కాదు.

అప్పుడు కట్టారు హేవ్‌లాక్ వంతెన. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టు 30న తెరిచారు. ఒక్కోటి నూట యాభై అడుగుల దూలం, అలాంటివి 56. కాశీలో గంగ మీద వంతెన కట్టించిన వాల్టన్ దొరే దీనికీ ఇంజనీరు. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్, ఆయన పేరే పెట్టారు. కాటన్ దొర 1899 జులైలో పోయాడు. వంతెన మీద రైలు నడిచింది ఆ మరుసటేడు. జీవితమంతా కాలవలు, కాలవలు అన్న మనిషి, ఆయన గోదారి మీద రైలు దాటడం చూడకుండానే వెళ్ళిపోయాడు. చూసుంటే ఏమనేవాడో!

మరి ఆ వంతెన మన దగ్గరెందుకు కట్టలేదు? ఇదేగా నీ ప్రశ్న. నేను విన్నదీ, నా బుర్రకి తోచిందీ చెబుతాను. గోదారి రాజమండ్రి దగ్గర ఒక్కటిగా ఉంటుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒకే వంతెన. మన దగ్గరకొచ్చేసరికి చీలిపోతుంది. ఆనకట్టకే నాలుగు ముక్కలు కావలసి వచ్చింది, ఇక రైలు వంతెన ఎన్ని ముక్కలు కట్టాలి? పైగా రాజమండ్రిలో కోర్టులు, కాలేజీ, కలప వ్యాపారం. అటు వెళ్ళిన లైను మన ఊరికి ఎగువనుంచే తిరిగి కడియం మీదుగా ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట పట్టుకుంది. మనం పక్కనుండిపోయాం. సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే పులస చేప కూడా మన ఆనకట్ట దగ్గర ఆగాల్సిందే గానీ, రైలుకి ఆ పని పడలేదు. వరదొచ్చినప్పుడు రేడియోలో చూడు, "ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం" అని గంటగంటకీ చెబుతారు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. రాష్ట్రమంతా మన ఊరి పేరు వింటుంది. పసుపుపచ్చ బోర్డు మీద నల్లక్షరాలతో మాత్రం ఆ పేరు ప్రయాణికుడికి కనపడదు.

అంచేత మన ఊరివాడికి స్టేషన్ అంటే రెండు. మెయిలో ఎక్స్‌ప్రెస్సో ఎక్కాలంటే రాజమండ్రి. అనపర్తి, సామర్లకోట, తుని వైపు ప్యాసింజరు ఎక్కాలంటే వేమగిరి మీదుగా కడియం. పెద్ద స్టేషన్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు కడియంలాంటి చిన్న స్టేషన్ అంటేనే ఇష్టం. పల్లెటూరి స్టేషన్ ఎలా బతుకుతుందో నేను చూసింది అక్కడే, ఆ లైను మీద పాయింట్స్‌మన్ పని చేసిన మా మేనమామ పుణ్యాన.

అప్పటికింకా రెండో లైను పడలేదు. ఉన్నది ఒక్కటే. పోయేదీ దాని మీదే, వచ్చేదీ దాని మీదే. రెండు బళ్ళు ఎదురెదురుగా వస్తే? అదే మొదటిసారి నేను మావయ్యని అడిగింది. స్టేషన్ మాస్టరు గదిలోకి తీసికెళ్ళి ఎర్రరంగు పెట్టె ఒకటి చూపించాడు. ఈ స్టేషన్‌లో ఒకటి, అవతలి స్టేషన్‌లో దాని జోడు, మధ్యలో తీగ. అవతల మాస్టరు అక్కడ మీట నొక్కి ఒప్పుకుంటే తప్ప ఇక్కడ పెట్టెలోంచి ఇనప బంతి బయటకి రాదు. ఆ బంతి చేతికొస్తే లైన్ క్లియరొచ్చినట్టు. దాన్ని తోలుసంచిలో వేసి, బెత్తం చుట్టకి కట్టి డ్రైవరుకి అందించాలి. అది చేతిలో లేకుండా ఏ డ్రైవరూ బండి కదపడు. ఒక బంతి బయట ఉండగా రెండోది రాదు. అంతే, ఇక రెండు బళ్ళు ఎలా గుద్దుకుంటాయి? చదువురాని మా మావయ్యకి ఆ పెట్టె మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

ఆగే బండికైతే చేతికిస్తే సరిపోతుంది. మెయిలు కడియంలో ఆగదు. అర్ధరాత్రి, వాన, గాలి, అది తోసుకుంటూ వస్తుంటే మావయ్య ప్లాట్‌ఫారం అంచున నించుని ఆ బెత్తం చుట్ట పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజను మీద ఫైర్‌మన్ చెయ్యి చాపి, మోచేతికి తగిలించుకుని పోయేవాడు. పాత బంతి ఉన్న చుట్ట ఇటు విసిరేవాడు. అది ఎక్కడో తుప్పల్లో పడితే లాంతరు పట్టుకుని వెతుక్కోవాలి. అది దొరికి పెట్టెలో పడేదాకా తర్వాతి బండికి దారి లేదు. మావయ్య ముంజేతి మీద మచ్చలుండేవి. అడిగితే "మెయిలు ముద్దు పెట్టుకుంది" అనేవాడు.

సిగ్నలు దీపాలు కూడా ఆయనే వెలిగించేవాడు. సాయంత్రం కిరసనాయిలు డబ్బా పట్టుకుని, ఇనప నిచ్చెన ఎక్కి, దీపం తుడిచి, వత్తి సవరించి పెట్టేవాడు. పగలైతే సిగ్నలు చెయ్యి వాలిందా లేదా అన్నది మైలు దూరాన పొలంలో ఉన్నవాడికీ కనపడేది. బండి పక్క స్టేషన్ దాటిందని తెలియగానే వేలాడదీసిన పట్టా ముక్క మీద గంట కొట్టేవారు. ఆ చప్పుడు విని ఇంట్లోంచి బయల్దేరితే బండి అందుకోవచ్చని చుట్టుపక్కల వాళ్ళందరికీ ధీమా.

టిక్కెట్లు అట్టముక్కలు. కిటికీలోంచి డబ్బు లోపలికెళితే, గోడకున్న గూళ్ళలోంచి ఒక అట్ట లాగి, తేదీ మిషన్‌లో పెట్టి టకామని నొక్కి ఇచ్చేవాడు మాస్టరు. వేడివేడిగా ఉన్నట్టు పట్టుకునేవాళ్ళం ఎందుకో. మూడో తరగతి అట్టలే తరిగేవి, పై తరగతి అట్టలు అలా పడుండేవి. చెక్క బల్లలు, కిటికీలోంచి బొగ్గు నుసి. తెల్ల పంచెతో ఎక్కినవాడు సామర్లకోటలో దిగేసరికి బూడిద పంచెతో దిగేవాడు. మూడో తరగతి అనే మాటే 1974లో తీసేశారు. పేరు మారింది గానీ జనం అదే జనం, సీట్ల కోసం తువ్వాళ్ళు వెయ్యడం అదే వెయ్యడం.

స్టేషన్ అంటే బండి ఎక్కి దిగే చోటే అనుకుంటున్నారా? కాదర్రా. చుట్టుపక్కల పది ఊళ్ళకి గడియారం అదే. 1906 దాకా ఈ రైళ్ళన్నీ మద్రాసు టైము మీద నడిచేవి, తర్వాతే దేశమంతటికీ ఒకే టైము వచ్చింది. మా తాతకి గడియారం చూడ్డం రాదు. "మధ్యాన్నం బండి కూసింది, కూడెట్టవే" అనేవాడు. బండి లేటయితే ఆ రోజు భోజనమూ లేటే. మా నాయనమ్మ తిట్లు మాత్రం టైముకే పడేవి.

తంతి కూడా స్టేషన్ నుంచే. టక్కుటక్కుమని ఆ మీట కొడుతుంటే మాస్టరు గారి మొహం చూసి జనం వార్త మంచిదో చెడ్డదో పసిగట్టేవారు. రంగం, అదే రంగూన్, వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి ఆ చప్పుడంటే గుండె దడ. ఆ రోజుల్లో మన డెల్టా నుంచి ఎంతమంది రంగూన్ వెళ్ళారో! సామర్లకోటలో బండి మారి, కాకినాడ చేరి, ఓడెక్కి బర్మా. బియ్యపు మరల్లో కూలీలు, ఓడరేవులో కూలీలు. 1942లో జపాను వాళ్ళు వచ్చిపడితే ఆ జనమే కట్టుబట్టలతో కొండలూ అడవులూ నడిచి వెనక్కొచ్చారు. అదే ఏడు ఏప్రిల్లో కాకినాడ మీద, విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. పట్నాల్లోంచి పల్లెలకి పారిపోయే జనంతో బళ్ళు కిటకిటలాడిపోయాయని మా నాన్న చెప్పేవాడు. చిన్న స్టేషన్‌లో దిగిన ప్రతివాణ్ణీ ఊరివాళ్ళు "ఎవరింటికి బాబూ?" అని అడిగి దారి చూపించారట.

ఇక సరుకు. కడియం అంటే పూలు, మొక్కలు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. గోదారి ఒండ్రు మట్టి, చేతికందే కాలవ నీళ్ళు, దానికి తోడు ఆ ఊళ్ళ జనానికి అంట్లు కట్టడంలో ఉన్న చెయ్యితిరుగుడు. తెల్లవారుజామున ప్యాసింజరుకి చామంతి బుట్టలు, కనకాంబరాలు, తడి గోనె కప్పిన మల్లెలు ఎత్తుకుని ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చేవారు. బండి ఆగేది రెండు నిమిషాలు. బుట్ట ఎక్కించి, తాము ఎక్కి, కింద మిగిలిపోయిన రెండో బుట్ట కోసం కేకలు! గార్డుకి పచ్చజెండా ఊపాలంటే భయం. ఒకసారి బుట్ట ఎక్కింది, మనిషి ఎక్కలేదు. ఆ బుట్ట తునిలో దిగి, సాయంత్రం బండిలో భద్రంగా వెనక్కొచ్చింది. పూలు వాడిపోయాయి, నిజమే. లెక్క మాత్రం ఒక్క మూర తగ్గలేదట. ఇప్పుడు ఆ పూలూ మొక్కలూ లారీలెక్కి దేశమంతా పోతున్నాయి. నర్సరీ ఎదిగింది, స్టేషన్ ఎదగలేదు. నాకు తెలిసి ఆ లారీవాడు ఎవరి పూలబుట్టనీ వెనక్కి తెచ్చివ్వడు.

మధ్యలో బళ్ళు మొత్తంగా ఆగిపోయిన రోజులూ చూశాం. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె, ఇరవై రోజులు. మా మావయ్య అప్పటికి రిటైరయ్యాడు గానీ, రోజూ కాళ్ళీడ్చుకుంటూ స్టేషన్‌కి వెళ్ళి ఖాళీ పట్టాలు చూసొచ్చేవాడు. అదే ఏడు గోదారి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చింది. విశాఖ నుంచి హైదరాబాదుకి గోదావరి ఎక్స్‌ప్రెస్సూ ఆ ఏడే. ఆ రోడ్డు వంతెన వచ్చాక బస్సులు జోరందుకున్నాయి. చిన్న స్టేషన్‌కి మొదటి దెబ్బ అక్కడ పడింది. 1997లో మూడో వంతెన, ఆ విల్లుల వంతెన, నడక మొదలుపెట్టాక మన హేవ్‌లాక్ ముసలిది విశ్రాంతి తీసుకుంది. దాని మీద నుంచి బండి పోతుంటే పైసా గోదారిలో వెయ్యని పిల్లాడు ఈ జిల్లాలో లేడు. నేను వేసిన కానీలన్నీ ఇప్పుడు పైకి తీస్తే నీకో స్కూటరు కొనిపెట్టొచ్చు.

సరే, ఉన్న స్టేషన్ గురించి చెప్పాను. ఇచ్చి లాగేసుకున్న స్టేషన్ సంగతి విన్నారా? కోటిపల్లి.

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో లైను వేశారు. నలభై అయిదు కిలోమీటర్లు. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం, అన్నీ పచ్చని ఊళ్ళు. ద్రాక్షారామ భీమేశ్వరుడి దగ్గర దిగు, కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గర దిగు, శివరాత్రికి గౌతమిలో మునుగు. కోటిపల్లి రేవు దాటితే కోనసీమ. బియ్యం, కొబ్బరి, అరటిగెలలు ఇటు, బట్టలు, కిరసనాయిలు అటు. జనానికి ఆ బండి అలవాటయి, దాన్ని నమ్ముకుని కొట్లు పెట్టుకున్నారు, సంబంధాలు కలుపుకున్నారు. అంతలో యుద్ధం వచ్చింది. 1940లో ఆ పట్టాలు పీకేశారు. యుద్ధం అవసరాలకి ఇనుము కావాలిట. ఎక్కడో జర్మనీవాడికీ ఇంగ్లీషువాడికీ తగువొస్తే ద్రాక్షారామం జనం బండెక్కడం మానేయాలి! పన్నెండేళ్ళు వాడిన లైను. మా నాన్న ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మాట అనేవాడు: "రానిదాని మీద ఆశ ఉండదురా. వచ్చి పోయిందాని మీదే ఉంటుంది."

ఆ ఆశ అరవై నాలుగేళ్ళు నిలిచింది. 2004లో మళ్ళీ రైలు వచ్చింది. దాని కోసం, కోనసీమకి రైలు కోసం గట్టిగా పట్టుబట్టినవాడు లోక్‌సభ స్పీకరు చేసిన మన బాలయోగి గారు. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు పాపం, బండి తిరగడం చూడలేదు. వచ్చిన బండి ఏమిటనుకున్నారు? రైలు బస్సు. ఒకే పెట్టె, బస్సంత. గేటు దగ్గరకొచ్చేసరికి ఆగేది. అందులో మనిషి దిగి, రోడ్డుకడ్డంగా గేటు వేసి, బండి దాటాక గేటు తీసి, పరుగెత్తుకొచ్చి ఎక్కేవాడు. పట్నం వాళ్ళు నవ్వారు. ఎక్స్‌ప్రెస్సులో కూచుంటే ఆ నవ్వు వస్తుంది. నాకు మాత్రం ముచ్చటేసింది. మళ్ళీ మన పడవ వచ్చినట్టుందిరా అనుకున్నాను, లాకు దగ్గర ఆగి తలుపులు తీసుకుంటూ పోయే ఆ పడవ.

అయితే ఇలాంటి చిన్న బండికి ఆయుష్షు గట్టిది కాదు. జనం తక్కువ, ఆదాయం తక్కువ అని కాగితం మీద రాసేవాడు ఎప్పుడూ ఉంటాడు. 2020 మార్చిలో కరోనాకి దేశంలో ప్రయాణికుల రైళ్ళన్నీ ఆపేశారు కదా. తర్వాత పెద్ద బళ్ళు ముందొచ్చాయి, ప్యాసింజర్లు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవి కూడా ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చుకుని వచ్చాయి. పది రూపాయల టిక్కెట్టు ముప్ఫై అయింది. అదే పెట్టె, అదే వేగం, అదే ఫ్యాను తిరగకపోవడం. మూడింతల డబ్బు! పూలబుట్ట అమ్మకి ముప్ఫై అంటే ఎంతో తెలుసా? పోను ముప్ఫై, రాను ముప్ఫై, ఇక చామంతులు ఎవరి కోసం అమ్మినట్టు? 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పది చేశారు. ఆ నాలుగేళ్ళలో ఆటోకో బస్సుకో అలవాటు పడిపోయినవాళ్ళు అందరూ తిరిగొచ్చారా? రాలేదు. అప్పుడేమంటారు? "చూశారా, జనం ఎక్కడం లేదు, ఇక్కడ ఆపడం దండగ" అంటారు. ముందు బండి తీసేసి, తర్వాత జనం లేరంటే ఎలా ఉంటారయ్యా?

నాకు కోపమొచ్చేది అక్కడే. కొత్త బండికి జెండా ఊపినప్పుడు బాజాలు, ఫొటోలు. ఎన్ని గంటల్లో విశాఖ నుంచి సికింద్రాబాదు చేరుతుందో పేపర్లో పెద్దక్షరాలు. ఎన్ని ఊళ్ళలో ఆగదో ఎవడూ రాయడు. కడియం పొలాల్లో నించున్నవాడికి ఆ కొత్త బండి ఒక గాలి విసురు, అంతే. వేగం వద్దనను. నీలాంటివాడు శుక్రవారం సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి ఇంటికి రావాలి. కానీ రోజుకి నాలుగు బళ్ళు చిన్న ఊళ్ళలో రెండేసి నిమిషాలు ఆగితే ఏ రాజ్యం పోతుంది? పుష్కరాలొస్తే ఎక్కడ పడితే అక్కడ ఆపుతారుగా. 2003లో చూశాం, 2015లో చూశాం, 2027లోనూ చూస్తాం. పన్నెండేళ్ళకోసారి ఆగగలిగింది రోజూ ఎందుకు ఆగలేదో నాకర్థం కాదు.

ఏమంటున్నావురా? మన ఊరికి ఇప్పుడైనా స్టేషన్ అడగొచ్చు కదా అంటున్నావా? అడుగు, తప్పేం లేదు. నాకైతే మనకంటే ముందు కోనసీమకి రావాలని ఉంది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా, యాభై ఏడు కిలోమీటర్లు, 2000–01లో మంజూరు చేశారు. గౌతమి మీద ఒకటి, వైనతేయ మీద ఒకటి, వశిష్ఠ మీద ఒకటి, మూడు వంతెనలు కావాలి. నదిలో స్తంభాలు లేచాయి, పని సాగుతూనే ఉంది. నువ్వు పుట్టకముందు మొదలైన పని అది. కాటన్ దొర నాలుగు ముక్కల ఆనకట్ట అయిదేళ్ళలో ముగించాడని ఊరికే గుర్తుచేస్తున్నాను, ఎవర్నీ ఏమీ అనడం లేదు.

ఆ మూడు వంతెనలూ పూర్తయి, అమలాపురంలో బండి ఆగిన రోజున నన్ను తీసికెళ్ళు. కాకినాడలో ఎక్కుదాం. ప్రతి స్టేషన్‌లోనూ ఆగే ప్యాసింజరు బండే చూడాలి సుమా, మధ్యలో ఆగకుండా పోయేది నేను ఎక్కను. టిక్కెట్లు నువ్వు తియ్యి, ద్రాక్షారామంలో జీళ్ళు నేను కొంటాను.